కుంగుబాటు చికిత్సలో కంఠస్వరం: భావోద్వేగ నియంత్రణకు ఆనవాళ్లు – గడ్డపోతారం పారిశ్రామిక నేపథ్యం

వ్యాస సంగ్రహం:

మనిషి నోటితో చెప్పని విషయాన్ని గొంతు చెబుతుందనేది లోకానుభవం. కుంగుబాటుకు మాటల ద్వారా చేసే చికిత్సలో ఈ అనుభవానికి శాస్త్రీయమైన విలువ ఉంది. అయితే గొంతులో వినిపించేది దుఃఖం ఎంత ఉందన్న కొలత మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ దుఃఖాన్ని మనిషి ఎలా మోస్తున్నాడు, ఎక్కడ అణచుకుంటున్నాడు, తొణికిన తరువాత ఎలా కుదుటపడుతున్నాడు అనే తీరు కూడా స్వరంలో తెలుస్తుంది. స్వరోత్పత్తి శాస్త్రం, నాట్యశాస్త్రంలోని కాకు సిద్ధాంతం, తెలుగు నుడికారం, మానసిక చికిత్సా పరిశోధనల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంగారెడ్డి జిల్లాలోని గడ్డపోతారం వంటి పారిశ్రామిక ప్రాంతంలో స్వరాన్ని ఆనవాలుగా తీసుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను కూడా ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: కుంగుబాటు, కంఠస్వరం, భావోద్వేగ నియంత్రణ, కాకువు, స్వరభేదం, మానసిక చికిత్స, గడ్డపోతారం.

1. ఉపోద్ఘాతం:

"మంచిగనే ఉన్న మేడం." సలహాదారు ఎదుట కూర్చున్న కార్మికుడు మొదట చెప్పే మాట చాలాసార్లు ఇదే. అక్షరాలను బట్టి చూస్తే ఇందులో బాధ లేదు. కానీ "మంచిగ ఉన్న" అనకుండా "మంచిగనే" అనడంలోని ఏకారం ఒక సందేహాన్ని మిగులుస్తుంది. ఆ ఏకారాన్ని సాగదీశాడా, తుంచేశాడా, దాని తరువాత ఊపిరి విడిచాడా అన్నదాన్ని బట్టి వాక్యం అర్థం మారిపోతుంది. మానసిక చికిత్సకులు వినవలసింది ఈ మార్పునే.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురవుతున్నారు. వీరిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. కాబట్టి తెలుగువారి కుంగుబాటు గురించి, అందులోనూ అది తెలుగు మాటలో ఎలా పలుకుతుందన్న విషయం గురించి ఆలోచించవలసిన అవసరం ఎక్కువగా ఉంది.

2. స్వరం – శరీర మూలం:

ఊపిరితిత్తుల నుంచి వెలువడే గాలి కంఠంలోని స్వరతంత్రులను కంపింపజేస్తుంది. ఈ కంపనాల సంఖ్య వయోజన పురుషులలో సాధారణంగా సెకనుకు 100 నుంచి 125 వరకు, స్త్రీలలో 200 ప్రాంతంలో ఉంటుంది. దీన్నే ప్రాథమిక పౌనఃపున్యం అంటారు. వినేవారికి ఇది స్వరస్థాయిగా తెలుస్తుంది.

స్వరతంత్రులను బిగించే, సడలించే కండరాలకు వేగస్ నాడి శాఖల ద్వారా ఆదేశాలు అందుతాయి. గుండె వేగాన్ని తగ్గించే సంకేతాలు కూడా ఇదే నాడి గుండా వెళతాయి. ఉద్వేగం కలిగినప్పుడు శ్వాస మారుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నోరు ఎండుతుంది. ఈ మూడూ కలిసి స్వరాన్ని మారుస్తాయి. ముఖకవళికలను కొంతవరకు అదుపులో పెట్టుకోవచ్చు. పదాలను ఎంచుకుని మాట్లాడవచ్చు. ఊపిరిని, స్వరతంత్రుల బిగువును మాత్రం అంత సులభంగా దాచలేము. అందుకే మనసు చేస్తున్న పెనుగులాట గొంతులో బయటపడుతుంది.

పరిశోధకులు స్వరంలో ప్రధానంగా నాలుగు అంశాలను గమనిస్తారు. అవి స్వరస్థాయి, దాని ఎగుడుదిగుళ్లు, ధ్వని బిగ్గరతనం, మాట వేగం, విరామాలు, గొంతు నాణ్యత, అంటే జీర, వణుకు, ఊపిరి కలగలిసిన పలుకు. జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే కుంగుబాటు రోగుల మాట నెమ్మదిగా, తగ్గుస్వరంలో, తడబాటుతో, ఏకస్థాయిలో సాగుతుందని వర్ణించాడు. తరువాతి పరిశోధనలకు ఈ వర్ణన ఆధారమైంది.

3. కాకువు, స్వరభేదం, తెలుగు నుడికారం:

స్వరానికి, భావానికి ఉన్న సంబంధాన్ని భారతీయ నాట్యశాస్త్రం నిశితంగా పరిశీలించింది. వాక్యంలోని పదాలు మారకుండానే పలికే తీరు వల్ల అర్థం మారడాన్ని కాకువు అన్నారు. భరతుడు ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్వరస్థానాలను, ఉచ్చ, దీప్త, మంద్ర, నీచ, ద్రుత, విలంబితాలు అని ఆరు పాఠ్యాలంకారాలను చెప్పాడు. కరుణరసానికి విలంబిత కాకువు తగినదన్నాడు. క్రేపెలిన్ రోగులలో విన్న నెమ్మదితనాన్ని, భరతుడు నటుడికి ప్రయోగవిధిగా చెప్పాడన్నమాట.

ఎనిమిది సాత్త్విక భావాలలో స్వరభేదం ఒకటి. స్తంభం, స్వేదం, రోమాంచం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం తక్కినవి. స్వరం విరగడాన్ని చెమట, వణుకు, కన్నీటి సరసన నిలపడం గమనార్హం. మనసు లోతున కదిలితేనే ఇవి పుడతాయి.

తెలుగు నుడికారం ఈ పరిశీలనను నిత్యవ్యవహారంలోకి తెచ్చింది. గొంతు జీరబోవడం, గొంతు పెగలకపోవడం, గొంతు పూడుకుపోవడం, గొంతు వణకడం అనేవి వేరువేరు స్థితులు. జీరబోయిన గొంతు పలుకుతుంది, కానీ స్వచ్ఛత పోతుంది. పెగలని గొంతు పలకడానికే సిద్ధపడదు. పూడుకుపోయిన గొంతు పలుకుతూ పలుకుతూ ఆగిపోతుంది. కావ్యభాషలోని 'డగ్గుత్తిక' ఈ చివరి స్థితికి దగ్గరగా ఉంటుంది.

వీటికి తోడు దుఃఖాన్ని దిగమింగడం, కడుపులో పెట్టుకోవడం, గుటకలు మింగడం అనే ప్రయోగాలున్నాయి. ఇవి దుఃఖాన్ని కాక, దుఃఖంతో మనిషి చేస్తున్న పనిని చెబుతాయి. ఇక తెలంగాణ వాడుకలోని 'రంది' బయటికి పెద్దగా కనబడకుండా లోపల తొలుస్తూ ఉండే చింత. "రంది పెట్టుకున్నడు" అన్నప్పుడు మనిషి దాన్ని తనలో పెట్టుకుని మోస్తున్నాడన్న భావం క్రియలోనే ఉంది. చికిత్సా పరిభాషలో భావోద్వేగ నియంత్రణ అని పిలుస్తున్న ప్రక్రియకు తెలుగులో ఇప్పటికే ఇంత పదసంపద ఉంది.

4. నియంత్రణ – అణచివేత:

నియంత్రణ అనగానే అణచివేత అనే అర్థం స్ఫురిస్తుంది. మనస్తత్వశాస్త్రంలో దాని పరిధి అంతకంటే విస్తృతం. ఏ ఉద్వేగం కలగాలి, ఎప్పుడు కలగాలి, దాన్ని ఎలా అనుభవించాలి, ఎలా వ్యక్తం చేయాలి అన్న వాటిపై మనిషి చూపే ప్రభావమంతా నియంత్రణే. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రతిపాదించిన ప్రక్రియా నమూనా ఇందులో రెండు మార్గాలను స్పష్టంగా వేరు చేసింది. ఒకటి పునర్మూల్యాంకనం, అంటే జరిగిన దాన్ని మరో కోణంలో అర్థం చేసుకోవడం. రెండోది అణచివేత, అంటే కలిగిన ఉద్వేగాన్ని బయటికి కనబడనీయకపోవడం. గ్రాస్, లెవెన్‌సన్ 1993లో ప్రచురించిన ప్రయోగంలో, ఉద్వేగాన్ని బయటికి కనబడనీయవద్దని చెప్పినవారి ముఖంలో వ్యక్తీకరణ తగ్గినా శరీరంలోని కొన్ని ఉద్రేక సూచికలు పెరిగాయి. దిగమింగినది ఎక్కడికీ పోదన్న తెలుగు అనుభవానికి ఇది ప్రయోగపూర్వక సమర్థన.

దీన్నిబట్టి, చదునుగా వినిపించే గొంతు ప్రశాంతమైన గొంతు కావలసిన పని లేదు. అలాగే వణికే గొంతు ఓడిపోతున్న గొంతు కావలసిన పని లేదు. ఇన్నాళ్లూ అణచుకున్న దాని వద్దకు మనిషి తొలిసారి వెళుతున్నప్పుడు కూడా స్వరం వణుకుతుంది. నియంత్రణ సామర్థ్యం గురించి తెలుసుకోవాలంటే స్వరం చెదిరిందా లేదా అని చూస్తే చాలదు. చెదిరిన తరువాత ఎంతసేపటికి, ఏ విధంగా తిరిగి కుదుటపడిందో చూడాలి.

5. చికిత్సాక్రమంలో స్వర పరిణామం:

5.1 పరిశోధనల సాక్ష్యం:

జేమ్స్ మంట్, అతని సహచరులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స మొదలుపెట్టిన 35 మంది కుంగుబాటు రోగుల మాటలను ఆరు వారాలపాటు టెలిఫోను ద్వారా నమోదు చేశారు. చికిత్సకు స్పందించిన వారిలో స్వరస్థాయి ఎగుడుదిగుళ్లు పెరిగాయి, విరామాలు తగ్గాయి, మాట వేగం పెరిగింది. యింగ్ యాంగ్, కేథరిన్ ఫెయిర్‌బెయిర్న్, జెఫ్రీ కోన్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో 57 మంది పాల్గొన్నారు. కుంగుబాటు తీవ్రత తగ్గేకొద్దీ ప్రశ్నకు, జవాబుకు మధ్య వ్యవధి తగ్గిందని అది చూపింది.

అయితే విరామాలన్నీ ఒకటి కావు. శక్తి చాలక వచ్చే విరామం ఒకటి, లోపల సరైన మాట కోసం వెతుకుతున్నప్పటి విరామం మరొకటి. ఈ భేదాన్ని లారా రైస్ గుర్తించింది. 1960వ దశకం నుంచి ఆమె చేసిన పరిశోధనలు సేవార్థి స్వరాన్ని నాలుగు రకాలుగా విభజించాయి. ముందే కూర్చుకున్న కథను అప్పజెప్పినట్టు, ఉపన్యాస ధోరణిలో లయబద్ధంగా సాగేది బహిర్ముఖ స్వరం. బలం లేక పలచగా వినిపించేది పరిమిత స్వరం. ఉద్వేగం పొంగి మాట తీరు చెదిరినది ఉద్వేగ స్వరం. దృష్టిని లోపలికి మళ్లించి, ఆగుతూ, ఎదురుచూడని చోట ఊనికనిస్తూ సాగేది అంతర్ముఖ స్వరం. ఈ చివరి రకాన్ని ఫలవంతమైన చికిత్సకు గుర్తుగా ఆమె భావించింది. అది వినడానికి సాఫీగా ఉండదు, తడుముకుంటున్నట్టు ఉంటుంది.

5.2 తెలుగు వాక్యం – క్రియాస్థానం:

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. పని జరిగిందా లేదా, చేసింది ఎవరు అన్నవి ఆ క్రియలోనే తేలతాయి. ఊపిరి తగ్గేది కూడా వాక్యం చివరనే. కాబట్టి ఒప్పుకోవడానికి కష్టమైన విషయం, గొంతు బలహీనపడే చోటు తెలుగులో ఒకేచోట కలుస్తాయి. దీన్ని ఒక ఊహాచిత్రంతో వివరించవచ్చు.

గడ్డపోతారంలోని ఒక పరిశ్రమలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే వ్యక్తి, తన తమ్ముడు మరణించిన ఆరు నెలలకు సలహాదారు వద్దకు వచ్చాడనుకుందాం. మొదటి సమావేశంలో అతడు "తమ్ముడు పోయిండు. ఆరు నెలలైంది. నేను మంచిగనే ఉన్న" అంటాడు. మూడు వాక్యాలూ ఒకే స్థాయిలో, వార్తలు చదివినట్టు ఉంటాయి. ఇది బహిర్ముఖ స్వరం. నాలుగో సమావేశంలో "నేనే వాన్ని కంపెనీకి..." అని ఆగిపోతాడు. గుటక వినిపిస్తుంది. క్రియ రాదు. ఆ క్రియలోనే అతని అపరాధభావం ఉంది. సలహాదారు ఆ క్రియను తాను పూరించదు. కొంతసేపు ఆగి, స్వరం తగ్గించి "మెల్లగ చెప్పండన్నా" అంటుంది. అప్పుడు ఊపిరితో కలిసి "తోలుకొచ్చిన" అన్న మాట బయటికి వస్తుంది. ఎనిమిదో సమావేశంలో అతడే "నేనే తోలుకొచ్చిన మేడం. వాడు గూడ వస్తనన్నడు" అంటాడు. 'నేనే' వద్ద గొంతు వణుకుతుంది. కానీ వాక్యం క్రియ దాకా వెళుతుంది, రెండో వాక్యం మామూలు స్థాయిలో మొదలవుతుంది.

మొదటి సమావేశంలో అణచివేత, నాలుగో దానిలో స్వరభేదం, ఎనిమిదో దానిలో పునర్మూల్యాంకనం కనిపిస్తాయి. స్వరంలో ఎక్కువ చెదురు ఉన్నది నాలుగో సమావేశంలోనే. ఆ ఒక్క రోజు స్వరాన్ని మాత్రమే కొలిస్తే అతని స్థితి దిగజారిందని తేల్చే ప్రమాదం ఉంది. వరుసగా విన్నవారికి మాత్రం అదే మలుపు అని తెలుస్తుంది.

6. చికిత్సకుల స్వరం:

స్వరం ఇద్దరి మధ్య సాగే వ్యవహారం. యాంగ్ బృందం అధ్యయనంలో ప్రశ్నలు అడిగేవారి స్వరం కూడా రోగి కుంగుబాటు తీవ్రతను బట్టి మారింది. జాక్ ఇమెల్, అతని సహచరులు 2014లో ప్రచురించిన మరో అధ్యయనం చికిత్సకుల స్వరానికి, సేవార్థులుగా నటించినవారి స్వరానికి మధ్య పొందికను పరిశీలించింది. సహానుభూతి ఎక్కువగా ఉందని అంచనా వేసిన సమావేశాలలో ఇద్దరి స్వరస్థాయిల హెచ్చుతగ్గుల మధ్య సంబంధం బలంగా ఉంది. మంచి చికిత్సకులు సేవార్థి స్వరంతో కలిసి నడుస్తారు, కానీ దానితోపాటు కొట్టుకుపోరు.

ఈ సహనియంత్రణ తెలుగు పల్లెలకు తెలియనిది కాదు. తెలంగాణ పల్లెల్లో చావు ఇంట స్త్రీలు శోకాలు పెట్టి ఏడ్వడంలో దుఃఖానికి ఒక లయ ఏర్పడుతుంది. పోయినవారి గుణగణాలను వరుసగా చెప్పుకుంటూ ఒకరు ఎత్తుకుంటే పక్కవారు గొంతు కలుపుతారు. మధ్యలో ఆగి, ముక్కు చీది, వచ్చినవారిని పలకరించి, మళ్లీ అందుకుంటారు. గొంతు చెదరడానికి, కుదుటపడడానికి అక్కడ సామూహిక అనుమతి ఉంది. ఊరికి దూరంగా అద్దె గదిలో నలుగురు కార్మికులతో కలిసి ఉండే మగవాడికి ఈ అనుమతి దొరకదు. సలహాదారు గది అతనికి ఆ లోటును కొంత తీర్చవలసి ఉంటుంది.

7. గడ్డపోతారం నేపథ్యంలో జాగ్రత్తలు:

గడ్డపోతారం, దాన్ని ఆనుకుని ఉన్న ఖాజీపల్లి ప్రాంతాలు బల్క్ డ్రగ్, రసాయన పరిశ్రమలకు ప్రసిద్ధం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వరకు విస్తరించిన పారిశ్రామిక మండలంలో ఇవి భాగం. స్థానికులతోపాటు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ తదితర రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఇక్కడ పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. అటువంటి ఘటనల తరువాత మిగిలినవారు మోసే దుఃఖం, భయం ఈ చర్చను మరింత అవసరమైనదిగా చేస్తున్నాయి.

ఇక్కడి గొంతును అర్థం చేసుకోవడంలో నాలుగు చిక్కులున్నాయి.

మొదటిది పని వాతావరణం. ద్రావకాల ఆవిరులు, ధూళి గొంతును జీరబోయేలా చేయగలవు. ఆ జీరను దుఃఖానికి గుర్తుగా తీసుకుంటే రోగనిర్ధారణ తప్పుతుంది, అసలు కంఠవ్యాధి మరుగునపడుతుంది.

రెండోది శబ్దం. చుట్టూ రణగొణ ధ్వని ఉంటే మనిషి అప్రయత్నంగా గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లో చూపాడు. యంత్రాల మధ్య రోజంతా కేకవేసి మాట్లాడడానికి అలవాటుపడిన వ్యక్తి నిశ్శబ్దమైన గదిలోనూ బిగ్గరగా మాట్లాడవచ్చు. ఆ బిగ్గరతనం కోపమూ కాదు, ఉత్సాహమూ కాదు.

మూడోది షిఫ్టు. రాత్రి పనిచేసి నిద్ర లేకుండా వచ్చినవాడి మాట నెమ్మదిగా, చదునుగా ఉంటుంది. కుంగుబాటు లక్షణాలు కూడా అవే. ఒక వారం రాత్రి షిఫ్టు తరువాత, మరో వారం సెలవునాడు విన్న గొంతులను పోల్చడం సరికాదు.

నాలుగోది భాష. ఒడియా, భోజ్‌పురి మాతృభాషలుగా గలవారు హిందీలోనో, వచ్చీరాని తెలుగులోనో మాట్లాడేటప్పుడు వచ్చే తడబాటు భాషకు సంబంధించినది. మనసుకు సంబంధించిన విరామాన్ని దాని నుంచి వేరుచేయడం కష్టం.

ఈ నాలుగింటికీ పరిష్కారం ఒక్కటే. ఏ మనిషి గొంతునైనా అందరి సగటుతో కాక, అదే మనిషి గొంతుతో పోల్చాలి. తొలి సమావేశాలలో ఊరు, పంటలు, పిల్లల చదువు వంటి మామూలు సంగతులు మాట్లాడించి, అతని సహజ స్వరాన్ని చెవిన పెట్టుకుంటే తరువాతి మార్పులు తెలుస్తాయి.

8. యంత్రం, చట్టం, నమ్మకం:

స్వరాన్ని బట్టి కుంగుబాటును గుర్తించే కంప్యూటర్ పద్ధతులు ప్రపంచవ్యాప్తంగా రూపొందుతున్నాయి. తెలుగులో భావోద్వేగ స్వరాలపై ముఖ్యమైన కృషి ఖరగ్‌పూర్ ఐఐటీలో జరిగింది. 2009లో వెలువడిన ఆ సేకరణలో విజయవాడ ఆకాశవాణికి చెందిన 10 మంది కళాకారులు, ఐదుగురు పురుషులు, ఐదుగురు స్త్రీలు, 15 వాక్యాలను ఎనిమిది భావాలలో 10 దఫాలుగా పలికారు. మొత్తం 12,000 పలుకులు. తెలుగు స్వరశాస్త్రానికి ఇది విలువైన సంపద. అయితే అందులో ఉన్నది నటులు స్పష్టంగా వ్యక్తం చేసిన భావం. కుంగుబాటుతో వచ్చిన వ్యక్తి చేసేది దీనికి తలకిందులు. అతడు భావాన్ని కనబడనీయకుండా మాట్లాడతాడు. ప్రకటించిన కరుణను గుర్తించడం నేర్చిన యంత్రం దిగమింగిన రందిని గుర్తిస్తుందన్న హామీ లేదు.

మానవ శ్రవణానికి ఉన్న అవకాశాలను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గోవాలో విక్రమ్ పటేల్ బృందం నిర్వహించి, 2016 డిసెంబరులో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో 495 మంది పాల్గొన్నారు. శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు కుంగుబాటుకు సమర్థంగా చికిత్స చేయగలరని అది నిరూపించింది. సమావేశాల ధ్వనిముద్రణలను సలహాదారులు కలిసి విని, పరస్పరం సమీక్షించుకోవడం ఆ పద్ధతిలో భాగం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవలో 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఫోనులో ముఖం కనబడదు, గొంతు ఒక్కటే ఆధారం. తెలుగు స్వరాన్ని వినడంలో శిక్షణ ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ధ్వనిముద్రణకు మరో పార్శ్వం ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షను రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. తన గొంతు యాజమాన్యం చెవిన పడుతుందేమో, పని పోతుందేమో అన్న భయం కాంట్రాక్టు కార్మికుడికి సహజం. ఆ భయం కలిగితే అతడు మళ్లీ "మంచిగనే ఉన్న" అనే దగ్గరికే వెళతాడు. అంటే గోప్యతకు హామీ లేనిచోట చట్టం దెబ్బతినడంతోపాటు, వినవలసిన స్వరమే వినబడకుండా పోతుంది.

9. ముగింపు:

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి.

• కుంగుబాటు చికిత్సలో స్వరం దుఃఖ పరిమాణంతోపాటు, దాన్ని మనిషి నిర్వహించుకునే తీరును తెలియజేస్తుంది. స్వరం చెదరడం కంటే చెదిరిన తరువాత కుదుటపడే తీరు ముఖ్యమైన ఆనవాలు.

• చదునైన స్వరం అణచివేతకు, వణికే స్వరం మేలుకోలుకు గుర్తు కావచ్చు. ఒక్క సమావేశాన్ని బట్టి నిర్ణయించకూడదు.

• భరతుని కాకు సిద్ధాంతం, స్వరభేద భావన, తెలుగు నుడికారంలోని గొంతు స్థితులు సలహాదారుల శిక్షణకు ఉపయోగపడే పరిభాషను అందిస్తాయి. క్రియ రాక ఆగిపోయిన తెలుగు వాక్యాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

• గడ్డపోతారం వంటి చోట్ల ఆవిరులు, శబ్దం, షిఫ్టులు, పరభాష స్వరాన్ని మారుస్తాయి. అందువల్ల ఎవరి గొంతుకు వారి గొంతే ప్రమాణం.

• స్వరాన్ని నమోదు చేసే ముందు కార్మికుడి సమ్మతి, గోప్యతకు హామీ తప్పనిసరి.

"మంచిగనే ఉన్న" అన్న మాటను అబద్ధమని తోసిపుచ్చనవసరం లేదు. అది ఆ మనిషి ఆనాటికి నిలబెట్టుకోగలిగిన గొంతు. ఆ ఏకారం వెనుక ఉన్న వాక్యం క్రియతో సహా పూర్తయ్యేదాకా వేచి ఉండగల చెవి అతనికి ఎదురుగా ఉండాలి.